లోపలి కావలివాళ్ళు

నాంపల్లి తాలీంఖానాలో కుస్తీకి దిగితే సదాశివ పహిల్వాన్‌కి ఎదురు నిలిచినవాడు లేడు. అలాంటివాడు అబిడ్స్‌లో డాక్టర్ సోమయాజులు గదిలోంచి, తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూస్తూ బయటికొచ్చాడు.

పెళ్ళికి ముందు కుస్తీలో ఒకడు తొడల మధ్య మోకాలితో కుమ్మాడు. బాగా వాచింది. ఉస్తాద్ పసుపు కట్టు కట్టాడు, తగ్గింది. పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదు. ఇన్నాళ్ళకు, పిల్లలు కలగడం లేదని వెళితే డాక్టరు పరీక్షలు చేయించి, ఆ దెబ్బే కొంప ముంచిందన్నాడు.

"మన నెత్తుట్లో రోగాలను చంపే కావలివాళ్ళుంటారండీ. బీజకణాలు వాళ్ళ కంటపడకుండా గోడ చాటున పెరుగుతాయి. దెబ్బకి ఆ గోడ చిట్లింది. మీ కావలివాళ్ళే వాటిని శత్రువులనుకుని పట్టి చంపుతున్నారు. మీ ఆవిడలో ఏ లోపమూ లేదు."

ఏ లోపమూ లేని ఆ అహల్య పొట్ట నిండా వాతలే. కడుపు పండాలని అత్త జయమ్మ అమావాస్య అమావాస్యకీ కడ్డీ కాల్చి పెట్టేది. కోడలు గింజుకోకుండా చేతులు పట్టుకోవడం కొడుకు పని. అంత కండబలమూ అక్కడ పనికొచ్చింది మహానుభావుడికి.

ఆ రోజూ అమావాస్యే. ఇంటికెళ్ళేసరికి కడ్డీ ఎర్రగా కాలి ఉంది. నిజం చెబితే పహిల్వాన్ పేరు మట్టిలో కలుస్తుంది, చెప్పకపోతే అహల్య ఒళ్ళు కాలుతుంది. అలవాటుగా ఆమె చేతులు పట్టుకున్నాడు కూడా. జయమ్మ కడ్డీ ఎత్తాక వదిలేశాడు.

"దానికి కాదు, నాకు వెట్టు. పిల్లలు గాకపోవుడు నాతోని. డాక్టర్ చెప్పిండు."

జయమ్మ నమ్మలేదు. మగపుట్టుక పుట్టినవాడు అలాంటి మాట నోటితో అంటాడా? ఆ గల్లీలో పెళ్ళాం వైపు మాట్లాడిన ప్రతి మొగుడూ వశీకరణ మందు తిన్నవాడే. కోడలు అన్నంలో మందు కలిపిందని తీర్మానించి, కడ్డీతో ఆమె చెంప మీద కొట్టింది. చర్మం చుర్రుమంది.

సదాశివకి ఒళ్ళు తెలియలేదు. తల్లి చెయ్యి పట్టి, తాలీంలో తిప్పినట్టే మెలితిప్పాడు. ఎముక విరిగిన చప్పుడు ముగ్గురికీ వినబడింది. ముసలామె నేల మీద పడి దొర్లుతుంటే, ఇప్పటికైనా మెచ్చుకుంటుందేమోనని పెళ్ళాం వైపు చూశాడు.

అహల్య తడికొంగు చెంపకు అదుముకుంది. "ఇయ్యాల మీ అమ్మది ఇరిచినవ్. రేపు నాది ఇరుస్తవ్," అని చెప్పులైనా వేసుకోకుండా గౌలిగూడ బస్టాండు వైపు వెళ్ళిపోయింది.

సదాశివ తల్లిని రిక్షాలో వేసుకుని దవాఖానకు పోయాడు. చెయ్యి ఎట్లా విరిగిందని అడిగారు.

"కోడలు ఇరిచింది," అంది జయమ్మ.

కట్టు కడుతున్నాయన నిజమేనా అన్నట్టు అతని వైపు చూశాడు. బల్లల మీద తాలీంకి వచ్చేవాళ్ళు ఇద్దరు కూర్చుని ఉన్నారు.

"ఔ," అన్నాడు సదాశివ.