బేతంచెర్ల నా ఊరు కాదు

నేను ఒక స్పంజికను. అంటే ఒకప్పుడు. ఇప్పుడు రాయిని. మీరు గిన్నెలు తోముకునే స్పాంజిది మా పేరేనంటే నవ్వుతారు, నవ్వండి. చెట్టూ చేమా ఇంకా నేల మీదికి రాని రోజుల్లో సముద్రం అడుగున కూర్చుని, ఒంటి నిండా ఉన్న రంధ్రాలతో నీళ్ళు వడపోసుకుంటూ, ఎవరి జోలికీ పోకుండా బతికాను. బురద కప్పింది, రాయినయ్యాను. ఆ సముద్రం అడుగే పైకి లేచి హిమాలయమైంది. అక్కడి స్పితి లోయ నా ఊరు. మా వాళ్ళు చైనాలో ఉన్నారు, గ్రీన్‌లాండ్‌లో ఉన్నారు, కెనడా కొండల్లోనూ ఉన్నారు. ఎవరెక్కడ దొరికామో పటం మీద చుక్కలు పెట్టి, అప్పటి సముద్రాలు ఎలా ఉండేవో పండితులు తేలుస్తారు. కాబట్టి ఊరొక్కటే మాకున్న ఆస్తి. అదీ మేం చెప్పుకోలేం, మమ్మల్ని ఏరినవాళ్ళే చెప్పాలి.

నన్ను ఏరింది హైమవతి. కర్నూలు పిల్ల, జియాలజీలో పరిశోధక విద్యార్థిని. స్నేహితులతో స్పితి చూడటానికి వచ్చి, వాగు ఒడ్డున నన్ను చూసి అక్కడే చతికిలబడింది. "అబ్బ, ఎంత బాగుండావే!" అంది. కోట్ల ఏళ్ళలో నన్నెవరూ అంత మాట అనలేదు. రాయినై ఉండీ కరిగిపోయాను. స్వెట్టర్లో చుట్టి తెచ్చుకుంది.

యూనివర్సిటీలో రాళ్ళకు ఒక పద్ధతి ఉంది. తెచ్చిన ప్రతి రాయికీ వీపున తెల్ల పెయింటుతో, దొరికిన ఊరి అక్షరాలు, నంబరు వేస్తారు. హైమ నాకు వేయలేదు. నేను పరిశోధనకు తెచ్చిన రాయిని కాదు, ముచ్చటపడి తెచ్చుకున్న రాయిని. "నీకెందుకే పెయింటు?" అంటూ బల్ల మీద, తన బేతంచెర్ల నాపరాళ్ళ పక్కన పెట్టుకుంది. నేనూ మురిసిపోయాను. బుద్ధి తక్కువై.

ఆ నాపరాళ్ళలో ప్రాణి జాడ వెతకడమే ఆమె పని. అవి జంతువులే పుట్టని కాలపు రాళ్ళని లోకమంతా అంటుంది. ఆమె గురువు దక్షిణామూర్తి గారు మాత్రం జాడ ఉండితీరుతుందని పట్టుపట్టి డిపార్ట్‌మెంటులో నవ్వులపాలయ్యారు. ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. ఒకరోజు ఆయన బల్ల దగ్గరికి వచ్చి, యథాలాపంగా నన్ను చేతిలోకి తీసుకున్నారు. నా రంగూ నాపరాయి రంగే.

"ఏమ్మా హైమా, ఇంత గొప్ప వస్తువు దొరికితే నాతో ఒక్క ముక్క చెప్పవేం?" అన్నారు ఆయన.

"సార్, అది..."

"నా పరువు నిలబెట్టావు తల్లీ!" కళ్ళు తుడుచుకుంటూ, అందరినీ పిలుచుకురావడానికి వరండాలోకి పరుగెత్తారు.

కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె తలుపు వైపు చూసింది, నా వైపు చూసింది. చెబుతుందనే అనుకున్నాను. అడుగుల చప్పుడు దగ్గరయ్యేలోగా పెయింటు సీసా తీసి, నా వీపు మీద బేతంచెర్ల అక్షరాలు వేసి, నోటితో ఊది ఆరబెట్టింది. నన్ను చూసి అంతగా మురిసిన మనిషే! అంత నమ్మకద్రోహం నాకు సముద్రం కూడా చేయలేదు.

ఆ తర్వాత మర్యాదలకు లోటు లేదు. ప్రపంచ పటంలో రాయలసీమ మీద కొత్త చుక్క పడింది. గురువుగారు సన్మానాలు అందుకుని రిటైరయ్యారు. హైమ ప్రొఫెసరైంది. నన్ను మ్యూజియంలో గాజు పెట్టెలో పెట్టారు. ఉన్నది ఒక్కటే కదా అని, కోసి చూస్తామన్న వాళ్ళనెవరినీ దగ్గరికి రానివ్వలేదు. మనుషులు అబద్ధాన్ని ఎంత భద్రంగా దాచుకుంటారో ఆ పెట్టెలోంచి బాగా చూశాను.

మొన్న ఇమ్మానుయేల్ వచ్చాడు. బేతంచెర్ల వాడే, హైమ దగ్గర పరిశోధన చేస్తున్నాడు. నా తోబుట్టువుల కోసం అక్కడి గనులన్నీ గాలించి, ఎండకు మాడి, చిక్కి సగమయ్యాడు. హైమ పక్కన నిలబడి నన్ను చూపించాడు.

"యాడా ఒక్కటన్నా కనపడల్యా మేడం. మా నాయన ఇంక సాలు, ఇంటికి రారా అంటాండాడు. ఉందంటే చెప్పండి, బతుకంతా ఎతుకుతా. దీన్ని మీ చేత్తోనే గదా తీసినారు?"

హైమ జుట్టు నెరిసింది. దక్షిణామూర్తి గారు పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నిజం చెబితే నొచ్చుకునే గురువు లేడు, వినడానికి గదిలో ఇంకెవరూ లేరు. చెప్పవే తల్లీ అని లోలోపల వేడుకున్నాను. నా ఊరి సంగతి పోనీ, ఈ బిడ్డ ఏం పాపం చేశాడు?

ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంకా రవ్వంత లోతుకు తవ్వు నాయనా," అంది. "దొరుకుతుంది."

"సరే మేడం," అని అతను సంతోషంగా సంచీ భుజానికెత్తుకున్నాడు.