అక్క ఆగిన చోట

మా బావ దర్జీ. ఆయన కుట్టుగదిలో గోడల పొడవునా గుడ్డల తానులు నిలబెట్టి ఉంటాయి కాబట్టి, అక్కడ మాట్లాడితే మాట గోడకు తగిలి తిరిగి రాదు. ఇంట్లో పాట రికార్డు చేయడానికి అంతకన్నా మంచి చోటు లేదని కనిపెట్టింది అక్కే. ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాక, కాస్త ఓపిక చిక్కిన ఓ పూట అక్కడ కూర్చుని ఫోన్లో ఒక పాట పాడిపెట్టింది. చిన్నప్పుడు మేమిద్దరం కలిసి పాడిన పాట. పై గొంతు తనది, కింది గొంతు నాది. నా వంతు నన్ను పాడి కలపమంది. నేను సెలవు దొరికించుకుని వచ్చేలోపే పోయింది.

వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక లాప్‌టాప్ పట్టుకుని ఆ గదిలో కూర్చున్నాను. అక్కతో ఒక్కసారి, సరిగ్గా, చివరిదాకా పాడాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు. ఆమె మొదటి లైను నడకకు సరిపోయేలా టిక్కుటిక్కుమనే తాళం ఒకటి చెవుల్లో పెట్టుకుని నా భాగం పాడాను. పల్లవిలో రెండు గొంతులూ అతికినట్టు కలిశాయి. రెండో చరణం వచ్చేసరికి నేను ముందు, అక్క వెనక. నాకు ఏడుపుకన్నా ముందు కోపం వస్తుంది. అప్పుడూ అదే వచ్చింది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా ఫోను మీదకు నెట్టాను. ఫోనూ కంప్యూటరూ కాలాన్ని వెంట్రుకవాసి తేడాతో లెక్కపెడతాయని, పాట సాగేకొద్దీ ఆ తేడా పెరుగుతుందని ఎక్కడో విన్నాను. రికార్డింగ్ స్టూడియోలో పనిచేసే స్నేహితుడికి రెండు ట్రాకులూ పంపాను. దోమ పాడినా శ్రుతి చెబుతాడని మేమంతా ఆయన్ని చెవులాయన అంటాం. ఫోను వల్లే అయితే తేడా మొదటినుంచీ ఒకే తీరున పెరుగుతుందట. ఇక్కడ అలా లేదు, లైను చివర్లలో మాత్రమే ఎడం వస్తోంది.

"ఫోను తప్పు కాదు. మీ అక్కగారికి ఊపిరి అందట్లేదు," అన్నాడు.

కావాలంటే ముక్కలుగా కోసి తాళానికి సర్దుతానని, ఒక చరణం సర్ది పంపాడు కూడా. ఎక్కడా ఆయాసం లేదు. అక్క హాయిగా పాడుకుపోతోంది. బావను పిలిచి వినిపించాను.

"ఇంత బాగా ఎప్పుడు పాడింది?" అని అడిగాడు. "నేను పక్కనే ఉన్నానుగా. లైను లైనుకీ ఇక చాల్లే అని బతిమాలాను. వింటేనా?"

సర్దిన ఆ చరణాన్ని తీసేశాను. తాళం కూడా ఆపేశాను. కళ్లు మూసుకుని అక్క వెనకే నడిచాను. ఆమెతో కలవాలంటే ఆమె పీల్చిన చోట నేనూ పీల్చాలి, మాట మధ్యలో ఆగితే నేనూ ఆగాలి. అలా పాడుతుంటే నాకే గుండె పట్టేసింది. ఎంత కష్టపడి పాడిందో అప్పటిదాకా నాకు తెలియలేదు. చిన్నప్పుడు, ఎవరో తరుముతున్నట్టు ఏమిటే ఆ పరుగు అని నా జడ పట్టి లాగేది. ఇప్పుడు జడ లాగేవాళ్లు లేరు, అయినా ఆగడం నేర్చుకున్నాను. చివరి చరణంలో దగ్గు మింగుకోవడానికి అక్క చాలాసేపు ఆగుతుంది. అక్కడ మాత్రం ఎన్నిసార్లు పాడినా తొందరపడి ముందే అందుకునేదాన్ని.

ఓ సాయంత్రం అక్కడా ఆగాను. ఇద్దరం ఒక్కసారే అందుకున్నాం, ఒక్కసారే ముగించాం. బావ స్పీకర్లో చివరిదాకా తల వంచుకుని విన్నాడు. ఎక్కడా పొల్లు పోలేదు. ఇక దీన్ని దాచుకుని బట్టలు సర్దుకోవడమే. అక్కతో కలిసి చేసే పని ఇంకేదీ మిగల్లేదు. అది తట్టేసరికి నాకు భయమేసింది.

"ఇంకా కలవలేదు బావా," అన్నాను.

ఆయన తలెత్తి నావైపు చూశాడు.

"అవునమ్మా, ఎక్కడో కాస్త తేడా ఉంది. మళ్లీ పాడు," అని, చప్పుడు రాకుండా తలుపు దగ్గరికి వేసి, తానుల పక్కన కూర్చున్నాడు.