గర్డర్ ఎత్తే రోజున పుత్తూరు కట్లు

యోగానందకు అనుమానం కొత్తగా వచ్చింది కాదు, పుట్టుమచ్చలాగా ఎప్పుడూ ఉన్నదే. పుత్తూరు దగ్గర రైలు పట్టాల మీదుగా కడుతున్న వంతెనకు మేనేజర్ అయ్యాక ఆ మచ్చ ముఖమంతా పాకింది. ఈ ఆదివారం పొద్దున మాత్రం అనుమానానికి చేతులొచ్చాయి. రెండు చేతులు, రెండింటికీ కట్లు.

మొదటిది క్రేన్ నడిపే ధనంజయది. నిన్న సాయంత్రం మోచేతి నుంచి మణికట్టు దాకా పుత్తూరు కట్టుతో దిగాడు.

"బండి మీంచి పడినా సార్. కట్టు ఇప్పకూడదని చెప్పినారు."

ఆసుపత్రి కట్టయితే ఎక్స్‌రే చూపించమనొచ్చు. పుత్తూరు కట్టును మధ్యలో విప్పమనే ధైర్యం ఈ జిల్లాలో ఎవరికుంది? ఎముక వంకరగా అతుక్కుంటే ఆ పాపం అడిగినవాడిదే.

రెండోది మేస్త్రీ చెంగల్రాయుడిది. టీ తాగేటప్పుడు ఎడమ చేతికున్న కట్టు టిఫిన్ వేళకు కుడి చేతికి మారింది.

"ఏమప్పా, నొప్పికి కూడా ట్రాన్స్‌ఫర్ అయిందా?"

"నొప్పికి యాడ నిలకడ సార్," అన్నాడు చెంగల్రాయుడు, ఆకాశం వైపు చూస్తూ.

వంతెన కట్టమంటే వీళ్లు చేతులు కట్టుకొస్తున్నారు! ఇది కట్టు కాదు, కట్టుకథ. అందరూ కట్టగట్టుకుని అల్లిన కథ. అల్లించిందెవరు? పోటీ కాంట్రాక్టరా? పదకొండింటికి రైళ్లు ఆపుతారు. ఆ కాసేపట్లో రెండు క్రేన్లు కలిసి వంతెనకు దూలంలాంటి ఇనుప గర్డర్‌ను ఎత్తి పట్టాల మీదుగా దించాలి. ఇవాళ తప్పితే రైల్వేవాళ్లు మళ్లీ ఎప్పుడు కరుణిస్తారో! గర్డర్ లేవకపోతే హెడ్డాఫీసు తననే ఎత్తేస్తుంది.

యోగానంద మరో కప్పు టీ తెప్పించుకుని, అందులోనూ ఏమైనా కలిపారేమోనని వాసన చూశాడు. తను వెళితే చాలు, మాటలు ఆగిపోతున్నాయి. నెల రోజులుగా ఇంతే. అంతకుముందు చిన్న ఇంజనీరు కోమలి ఒక్కతే మీటింగులో నోరు విప్పి, క్రేన్ నిలిపే చోట నేల సంగతేదో ఎత్తబోయింది. "పూజ చేసిన చోట పాడుమాటలా!" అని అందరి ముందూ అరిచి, ఆమెను స్టోరుకు పంపించాడు. ఆ తర్వాత సైటులో అన్నీ శుభవార్తలే. ఏ పూటైనా "అంతా బాగుండాది సార్". ఆ మాట వినీ వినీ తన నాయకత్వం మీద తనకే ముచ్చటేసింది.

అంతా బాగుంటే ఈ కట్లెందుకు?

అందరినీ క్రేన్ దగ్గరికి పిలిచాడు. "మీ చేతులు విరిగితే నా దగ్గర విరుగుడు లేదనుకున్నారా? చిత్తూరు నుంచి ఇంకో ఆపరేటర్‌ని పిలిపించినా. దోవలో ఉండాడు."

ముఖాలన్నీ వాడిపోయాయి. దొరికారనుకున్నాడు యోగానంద. ధనంజయ మాత్రం చెంగల్రాయుడి వైపొకసారి చూసి, తన కట్టు తానే విప్పడం మొదలుపెట్టాడు. గుడ్డ రాలింది, వెదురు బద్దలు రాలాయి. లోపల చెయ్యి నిక్షేపంలా ఉంది.

"ఎంతిచ్చినారప్పా నీకు? ఎవురిచ్చినారు?"

"ఎవురూ ఈలేదు సార్. వచ్చే ఆయప్పకు పెండ్లాం బిడ్డలు ఉండరా? నాకు బదులు ఆయప్ప సచ్చిపోవాల్నా?"

ధనంజయ క్రేన్ ఎక్కాడు. బరువేమీ ఎత్తకుండా, క్రేన్‌ను నిలబెట్టే నాలుగు ఇనుపకాళ్లు మాత్రం నేలకు ఆనించి నొక్కాడు. మూడు కాళ్లు నిలిచాయి. నాలుగోది, పట్టాల వైపుది, కింద పరిచిన పలకతో సహా మెత్తగా దిగబడింది. క్రేన్ మూలుగుతూ ఒక పక్కకు ఒరిగింది. ధనంజయ వెంటనే ఆపేశాడు.

"ఆడ పాత బావి ఉండేదంట సార్," అంది కోమలి, స్టోరు వాకిట్లోంచి వచ్చి. "పూడ్సి సదును చేసినారంట. పక్క చేనోళ్లు చెప్పినారు."

గర్డర్‌తో సహా క్రేన్ పట్టాల మీద పడటం యోగానంద కళ్ల ముందు కదిలింది. కింద తాడు పట్టుకునే మనుషులు కూడా.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పినా కదా సార్. అందుకే కదా స్టోర్లో ఉండాను."

చెంగల్రాయుడు గొంతు సవరించుకున్నాడు. "చెప్పినోళ్లకు స్టోరు. చెప్పకపోతే సావు. మద్దెలో ఈ కట్టొకటే దొరికింది సార్ మాకు."

యోగానందకు అనుమానించడానికి ఇంకెవరూ మిగల్లేదు, తను తప్ప.

అప్పుడే జేబులో ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి డైరెక్టర్ హరినాథ్. చెడ్డవార్త చెప్పిన పాత మేనేజర్‌ను ఆ ఫోన్‌లోనే ఇంటికి పంపిన మనిషి.

"ఏమయ్యా యోగానందా, అంతా బాగుందా?"

కాళ్ల దగ్గర ధనంజయ విప్పిన గుడ్డ పడి ఉంది. యోగానంద చూపు దాని మీదే ఆగింది. చెంగల్రాయుడు అది కనిపెట్టి, దగ్గరికొచ్చి గుసగుసగా అన్నాడు: "అది మాసిపోయిండాది. కావాలంటే నాది ఇప్పి ఇస్తా సార్."

యోగానంద ఆ గుడ్డను కాలితో పక్కకు నెట్టాడు.

"చేతులన్నీ బాగుండాయి సార్. నేలే బాగలేదు. ఈ పొద్దు గర్డర్ ఎత్తడం లేదు. ఆపింది నేనే."