మహారాణికి వంగిన కొండ

పొద్దున్న ఎనిమిదయ్యేసరికి కొండవీధి ఆడవాళ్ళంతా పొయ్యి మీద గిన్నెలు రెండు చేతులా పట్టుకుని నిలబడతారు. గడ్డం గీసుకుంటున్న మగవాళ్ళు కత్తి పక్కన పెట్టి నురగ మొహాలతో కాసేపు ఆగుతారు. కింద మలుపు దగ్గర ఆసుపత్రి బండి గేరు మార్చిన చప్పుడు వినిపిస్తుంది. కొండ మెల్లగా నడుం వంచుతుంది. ఇళ్ళన్నీ ఓ పక్కకి ఒరుగుతాయి, నిట్టనిలువుగా ఉండే దారి కాస్తా వాలుతుంది, బండి దాని మీదుగా దర్జాగా ఎక్కి పై ఊళ్ళకి వెళ్ళిపోతుంది. కొండ మళ్ళీ లేచి నిటారుగా నిలబడుతుంది. అంతా కలిపి అయిదు నిమిషాలు. తర్వాత ఎవరి గిన్నె వాళ్ళు దించుకుని ఎవరి పని వాళ్ళు చూసుకుంటారు.

ఆ అయిదు నిమిషాలంటే ఒళ్ళు మండే మనిషి వీధి మొత్తానికి ఒక్కతే. దర్జీ. ఆ బండి నడిపే డ్రైవరుకి భార్య.

ఆవిడ కుట్టుమిషను రోజూ ఎనిమిదింటికి జానెడు పక్కకి జారేది. కాళ్ళ కింద ఇటుకముక్కలు పెట్టింది, కిటికీ ఊచలకి తాడేసి కట్టింది, ఏం లాభం లేకపోయింది. చేతిలో ఎవరి చొక్కా ఉన్నా సరే, సూది పైకెత్తి, మిషను మీద వాలిపోయి, మహారాణిగారి ఊరేగింపు అయ్యేదాకా అలా పడి ఉండాల్సిందే. బండికి మహారాణి అన్న పేరు ఆవిడ పెట్టిందే. కోపం ఎక్కువైన రోజున సవతి అనేది.

"అమ్మాయ్, మీ ఆయన వస్తున్నాడు, మిషను పట్టుకో" అనేది అత్తగారు, మంచం పట్టె గట్టిగా పట్టుకుని.

"వచ్చేది మీ అబ్బాయి కాదత్తయ్యా, మీ పెద్దకోడలు."

"పెద్దకోడలే నయం. ఎంత మోసినా ఎదురు చెప్పదు."

అత్తగారు సరదాకే అనేది. కోడలికి మాత్రం అది ఎక్కడో గుచ్చుకునేది.

ఎందుకు గుచ్చుకోదూ? డ్రైవరు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే నోరు విప్పేది దాని గురించే. ఇవాళ వాగు తొడలోతు ఉందట. ఇంజను గాలి పీల్చే గొట్టం కప్పు దాకా ఉంది కాబట్టి చుక్క నీరు లోపలికి పోకుండా దాటేసిందట. కింద జానెడు ఖాళీ ఉంది కాబట్టి ఎంత రాయి అడ్డమొచ్చినా పొట్టకి తగల్లేదట. పెద్ద గేరు రాడ్డు పక్కన చిన్న రాడ్డు ఒకటి ఉంటుందట, అది లాగితే నాలుగు చక్రాలూ ఒక్కసారే నేలని పట్టుకుంటాయట. వెనక ఇరుసుకి ఒక మీట ఉందట, అది వేస్తే ఒక చక్రం గాల్లో తేలినా రెండోది నేలని వదలదట. ఆవిడకి ఇవన్నీ కంఠతా వచ్చేశాయి. తనకి మోకాళ్ళ నొప్పులని ఆవిడ చెప్పి నాలుగు నెలలయింది. ఆయనకి గుర్తుందో లేదో ఎవరికి తెలుసు.

ఇంటి నుంచి ఆసుపత్రికి మెట్లదారి ఉంది. నూట ఎనభై మెట్లు. వారానికి రెండుసార్లు నర్సుల కోట్లూ మంచాల దుప్పట్లూ మూట కట్టుకుని ఆవిడ దిగుతుంది, ఎక్కుతుంది. పెళ్ళయి పదకొండేళ్ళు. ఇన్నేళ్ళలో కొండ ఆవిడ కోసం ఒక్క మెట్టు వంచిన పాపాన పోలేదు.

ఇంకో సంగతీ ఉంది. పెళ్ళికి ముందు ఆవిడ పుట్టింట్లో ట్రాక్టరు నడిపేది. వానాకాలం మోకాలిలోతు బురదలో కూడా దిగబడనిచ్చేది కాదు. ఆ మాట కొత్తలో మొగుడితో చెప్తే ఆయన పగలబడి నవ్వాడు. "ట్రాక్టరు వేరు, ఇది వేరు. నువ్వు స్టీరింగు పట్టుకుంటే కొండ వంగుతుందనుకున్నావా?" అన్నాడు. ఆ తర్వాత ఆవిడ ఆ ఊసెత్తలేదు.

ఇలా ఉండగా ఆసుపత్రికి కొత్తగా పెద్ద డాక్టరమ్మ వచ్చింది. బండి పాతబడింది, దాన్ని ఉంచాలా అమ్మెయ్యాలా అన్నది తను స్వయంగా ఎక్కి చూసి చెప్తానంది. సోమవారం ప్రయాణం. బాగా ఎక్కితే ఉంచుతారు. లేకపోతే అమ్మేసి, మందులు అవతలి వైపు చుట్టుదారిన పంపిస్తారు, డ్రైవరుని కింద బస్తీలో మందుల స్టోరులో కూర్చోబెడతారు. స్టోరుని ఆనుకుని రెండు గదుల ఇల్లు కూడా ఇస్తారు. చదునైన నేల మీద, ఒక్క మెట్టు లేని ఇల్లు.

ఆ ఇంటి మాట విన్నప్పట్నుంచీ దర్జీకి మనసు మనసులో లేదు. ఆదివారం సాయంత్రం మెల్లగా కదిపి చూసింది.

"స్టోరు ఉద్యోగమైతే మీకూ సుఖమే కదండీ."

"స్టోరులో కూర్చుంటే నేను చచ్చిపోతానే" అన్నాడాయన.

"బండి పోతే చచ్చిపోతారా? మరి నేను పోతే?"

ఆయన జవాబు చెప్పడానికి ఆలోచించాడు. ఎంతోసేపు కాదు, నీళ్ళు ఒక గుక్క తాగేంతసేపు. ఆ ఆలోచించడమే కొంప ముంచింది.

ముందు చక్రాలు రెంటికీ నడిమధ్య అరచేతిలో పట్టేంత బిళ్ళ ఒక్కోటుంటుంది. దాన్ని చేత్తో కుడికి తిప్పి ఉంచితేనే ఇంజను బలం ముందు చక్రాలకి అందుతుంది. ఎడమకి తిప్పితే అవి ఊరికే దొర్లుతాయి, లోపల కూర్చుని ఎన్ని రాడ్లు లాగినా పనిచేసేవి వెనక రెండు చక్రాలే. కొండెక్కబోయే డ్రైవరన్నవాడు ముందు దిగి వాటిని చూసుకోవాలి. మన డ్రైవరు ఆరేళ్ళ కిందట ఒకసారి కుడికి తిప్పి పెట్టాడు, మళ్ళీ వాటి మొహం చూడలేదు. కొండే నడుం వంచుతుంటే ఆయన నడుం వంచడమెందుకు?

సోమవారం ఏడింటికి దర్జీ కోట్ల మూటతో ఆసుపత్రికి దిగింది. రెండు రోజులుగా వాన, ఆవరణంతా జిగటమన్ను. డ్రైవరు లోపల టీ తాగుతున్నాడు. ఆవిడ చెప్పులోకి రాయి దూరినట్టు ముందు చక్రం దగ్గర వంగి బిళ్ళ ఎడమకి తిప్పింది. అటు వెళ్ళి రెండోదీ తిప్పింది. మూట అప్పజెప్పి నూట ఎనభై మెట్లూ ఎక్కి ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుంది.

ఎనిమిదయింది. కింద గేరు చప్పుడు వినిపించింది. కొండ వంగింది. మిషను జానెడు జారింది. మామూలుగా అయితే అక్కడితో ఆగాలి, ఆగలేదు. బండి గొంతు చించుకుని అరుస్తోంది గాని దగ్గరికి రావడం లేదు. కొండ ఇంకాస్త వంగింది. మిషను గది సగం దాటింది. బిందె దొర్లింది. అత్తగారి మంచం వెళ్ళి గోడకి ఆనుకుంది.

"అమ్మాయ్, ఇవాళ పెద్దకోడలికి ఒంట్లో బాలేదా ఏంటి?"

పావుగంటయింది, అరగంటయింది. ఆడవాళ్ళ చేతులు లాగేశాయి. ఎంత కొండైనా ఎంతసేపని వంగుతుంది, దానికి మాత్రం నడుం నొప్పి ఉండదా? విసుగొచ్చినట్టు ఒక్కసారి లేచి నిటారుగా నిలబడింది. పెంకులు గలగలమన్నాయి. కింద బండి అరుపు ఆగిపోయింది.

దర్జీ బయటికొచ్చి వీధి చివర నుంచి కిందికి చూసింది. అబద్ధమెందుకు, ముందు ఆవిడకి సంతోషమే కలిగింది. మూడో మలుపులో మహారాణి వెనక్కి జారి ఒక బండరాయికి ఆనుకుని ఉంది. ఒళ్ళంతా బురద. ఆ రాయికి అవతల లోయ. అది చూడగానే ఆ సంతోషం కాస్తా పోయింది. ఆవిడ పరుగులాంటి నడకతో దిగింది.

పెద్ద డాక్టరమ్మ చీలమండల దాకా మన్నులో నిలబడి మంచుపెట్టె గుండెకి హత్తుకుని ఉంది. "ఇందులో మంచు మధ్యాహ్నం దాకానే ఉంటుంది. పైన అరవైమంది పసిపిల్లలు సూదిమందు కోసం కూర్చున్నారు" అంటోంది. డ్రైవరు కొండకేసి తిరిగి దణ్ణం పెడుతున్నాడు.

"వంగు. ఒక్కసారి వంగు" అంటున్నాడు.

చక్రాల వైపు చూడను కూడా చూడలేదు. దర్జీకి అప్పుడొచ్చింది అసలు కోపం. పదకొండేళ్ళు ఈ బండి మీద కుళ్ళుకున్నాననుకుంది, కాదు. ఈ మనిషి మీద కుళ్ళుకుంది. ఆ సీటు మీద, ఆ స్టీరింగు మీద, చక్రం మధ్య బిళ్ళ ఎటుందో చూసుకోకుండానే ఆయనకి దక్కిన పేరు మీద. బండి పాపం ఏం చేసింది?

ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, చక్రం ముందు గొంతుక్కూర్చుని, బిళ్ళ కుడికి తిప్పింది. రెండోదీ తిప్పింది.

"పొద్దున్న వీటిని ఎడమకి తిప్పింది నేనే" అంది, ఎవరూ అడక్కముందే.

"నువ్వా?" అన్నాడు డ్రైవరు.

"నేనే. మీరు చూసుకుంటారేమోనని భయపడ్డాను కూడా. చూసుకోలేదు."

డాక్టరమ్మ ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. "నువ్వు చేసిన పనికి మనుషులు పోయేవాళ్ళు, తెలుసా?" అంది. దర్జీ తలొంచుకుంది. డాక్టరమ్మ డ్రైవరు వైపు తిరిగింది. "బయల్దేరే ముందు నువ్వెందుకు చూళ్ళేదు?"

"కొండ వంగుతుంది కదా మేడమ్."

డాక్టరమ్మ బండి ఎక్కమన్నట్టు చెయ్యి చూపించింది.

డ్రైవరు ఎక్కాడు. కొండ వంగలేదు. ఇంజను మూడుసార్లు ఆగిపోయింది. నాలుగోసారి బండి రాయి పక్కగా మూరెడు లోయవైపు జారింది. ఆయన బ్రేకు బిగించి దిగేశాడు, మొహం పాలిపోయింది. "నా వల్ల కాదు. ఇంత నిటారు నేనెప్పుడూ ఎక్కలేదు" అన్నాడు. నిజమే చెప్పాడు పాపం.

"బండి నడపడం ఇంకెవరికైనా వచ్చా?" అంది డాక్టరమ్మ.

"నాకు ట్రాక్టరు వచ్చు" అంది దర్జీ.

"ట్రాక్టరు వేరు..." అన్నాడు డ్రైవరు.

"నువ్వుండు" అంది డాక్టరమ్మ.

దర్జీ ఎక్కి కూర్చుంది. సీటు ఆయన ఆకారంలో గుంటపడి ఉంది, ముందుకి జరుపుకుంది. చిన్న రాడ్డు లాగింది. వెనక ఇరుసు మీట వేసింది. మొదటి గేరు వేసి, క్లచ్ పూర్తిగా వదిలేసి, పాదం దాని దరిదాపుల్లోకి పోనివ్వలేదు. ఇంజను అరవలేదు, గొణిగింది. నాలుగు చక్రాలూ మన్నుని కరుచుకున్నాయి. ఒకచోట ముందు చక్రం గాల్లో తేలింది, గుండె కూడా దాంతోపాటే తేలింది, అయినా యాక్సిలేటరు మీద కాలు అక్కడే ఉంచింది. చక్రం నేల మీద ఆనింది. ముందు అద్దంలో ఆకాశం తప్ప ఏమీ కనపడడం లేదు. ఆవిడ మనిషి నడిచేంత నెమ్మదిగా ఎక్కించింది. కొండవీధి వాళ్ళంతా అరుగుల మీదికొచ్చి చూశారు. ఎవరి గిన్నె కూడా కదల్లేదు.

వీధి చివర ఆపింది. వెనకే నడిచొచ్చిన డాక్టరమ్మ మంచుపెట్టె వెనక సీట్లో పెట్టి, దాని పక్కనే కూర్చుని తలుపు వేసుకుంది. డ్రైవరు రొప్పుతూ వచ్చి ముందు తలుపు తీశాడు. తన సీట్లో పెళ్ళాం ఉంది. ఒక్క క్షణం ఆగి, బండి చుట్టూ తిరిగొచ్చి అవతలి వైపు ఎక్కాడు.

మధ్యాహ్నానికి సూదిమందులన్నీ అయిపోయాయి. చివరి పాప ఏడుపు తగ్గాక డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ మామూలుగా చెప్పింది: బండి ఉంటుంది. డ్రైవరు రేపట్నుంచి స్టోరుకి వెళ్తాడు. దర్జీ ఏడున్నరకి ఆసుపత్రికి రావాలి, బయల్దేరే ముందు బిళ్ళలు తిప్పి తనకి చూపించాలి, రోజూ, తను ఇక్కడున్నన్నాళ్ళూ. దర్జీ సరేనంది. మెట్లు లేని ఇంటి సంగతి అడుగుదామనుకుని, అడగలేదు. కొండ ఆ తర్వాత ఎవరికీ వంగలేదు, ఎందుకని ఎవరూ అడగలేదు.

తిరిగి దిగేటప్పుడు డాక్టరమ్మ వెనక సీట్లో కునికిపాట్లు పడుతోంది. డ్రైవరు ఒళ్ళో చేతులు పెట్టుకుని పెళ్ళాం చేతులకేసే చూస్తున్నాడు, ఆ చూపు ఆవిడకి బాగా తెలుసు, పదకొండేళ్ళు ఈ బండిని తను చూసిన చూపే. నాలుగో మలుపు దాటాక ఇక ఉండబట్టలేకపోయాడు.

"నీకు వంగలేదు చూశావా" అన్నాడు. "ఒక్క అంగుళం కూడా వంగలేదు."

"వంగమని నేనడిగానా?" అంది ఆవిడ, మూడో మలుపు వైపు స్టీరింగు తిప్పుతూ.