దారం కట్టిన సీసా

ఎల్లప్ప కిటికీ రెక్కలు బార్లా తీసి, గాజు గిన్నెను వెలుతురుకు పట్టి చూసి బల్ల మీద పెట్టాడు. ఆ గదిలోకి ప్లాస్టిక్ గిన్నె రాకూడదు. జిగురు తీసే అసిటోన్ పోస్తే అది కరిగి నాణేనికే అంటుకుంటుంది. అగ్గిపుల్ల గీయకూడదు, ఆ ఆవిరి భగ్గుమంటుంది. ముందు కొట్లో యజమాని హరినాథ్ దేవుడి పటానికి ఊదుబత్తి వెలిగించేటప్పుడు మధ్య తలుపు మూసి ఉండాలి. తలుపు తెరిచి ఉన్న రోజొకటి ఎల్లప్ప ఎడమ మణికట్టు మీద మచ్చగా మిగిలింది.

తిరుపతిలో రైల్వే స్టేషన్ వెనక సందులో ఉన్న ఆ పాత నాణేల కొట్టులో అతనికి ఇరవై ఆరేళ్లు గడిచాయి. అంతకు ముందు ఇత్తడి సామాన్ల కొట్లో దీపపు సెమ్మెలకు చింతపండు పట్టించి తళతళలాడించేవాడు. ఆ చేతుల్ని మార్చింది హరినాథ్ తండ్రి సుబ్రమణ్యం. "రుద్దినావంటే నాణెం సచ్చిపోతాది అప్పా. మందులో ఏసి ఊరకుండు" అనేవాడు. ఊరకుండడం నేర్చుకోవడానికి ఎల్లప్పకు మూడేళ్లు పట్టింది. ఆ తరవాత ఈ ఊళ్లో అతని చేతికి సాటి చెయ్యి లేదని సుబ్రమణ్యం పదిమందిలో చెప్పేవాడు. ఆ మాట విన్నవాళ్లలో ఇప్పుడెందరున్నారో గానీ ఎల్లప్ప మాత్రం మరిచిపోలేదు.

ఏడు నెలల కిందట నగరి నుంచి నాగవేణి వచ్చింది. వాళ్లింట్లో మరమగ్గాలు ఆగిపోయాక ఈ పనిలో చేరింది. ముప్పై రెండేళ్ల మనిషి. నాణేన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది చాలాకాలం ప్లాస్టిక్ కవర్లో ఉండాదన్నా అని చెప్పేసేది. నిజమే అయ్యేది. హరినాథ్ వచ్చినవాళ్లందరికీ ఆ ముక్కు గొప్పే చెబుతూంటే ఎల్లప్పకు కడుపు మండిపోయేది. వయసుకు తగని పని అని తెలుసు. తెలిసీ ఆ పిల్ల మీద కళ్లలో నిప్పులు పోసుకున్నాడు.

ఎందుకంటే అతనికి ముక్కు పనిచేయడం మానేసి రెండేళ్లయింది. ఇంట్లో పాలు మాడి పొగ కమ్మినా తెలియలేదు. భార్య చంద్రకాంతమ్మ కోప్పడితే జలుబన్నాడు. ఆ జలుబు మళ్లీ తగ్గలేదు. అప్పటి నుంచి సీసా తెరిచిన ప్రతిసారీ ఎవరూ చూడకుండా ముంజేతి మీద ఒక్క చుక్క వేసుకుంటాడు. అసిటోనైతే చల్లగా తగిలి క్షణంలో ఎగిరిపోతుంది. వెండి నలుపు తీసే ఆమ్లమైతే తడిగా అలాగే ఉంటుంది. ఆ రెండూ ఒకేలాంటి గోధుమరంగు సీసాల్లో ఉంటాయి. వాటి మీది పేర్లను కారిన చుక్కలే ఎప్పుడో తుడిచేశాయి.

ఈ రోజు పొద్దున చూస్తే ఆమ్లం సీసా మెడకు ఎర్ర దారం కట్టి ఉంది. ఇది ఆ నగరి పిల్ల పనే. వచ్చి ఏడాది కాలేదు, సీసాలకు గుర్తులు పెట్టుకుని ఏలుతోంది అనుకున్నాడు. విప్పబోతే ముడి రాలేదు. మగ్గం మీద తెగిన పోగును అతికే ముడి అది. కత్తెరతో కత్తిరించి, కిటికీ గూట్లో పడేసి, సీసాను చేతికందిన చోట పెట్టాడు.

అదే పూట చిత్తూరుకు బయల్దేరుతూ హరినాథ్ ఒక వెండి రూపాయిని నాగవేణి చేతికిచ్చాడు. ఎల్లప్ప చేతికి కాదు. కార్వేటినగరం నుంచి రంగనాయకమ్మ అనే పెద్దావిడ తెచ్చింది. కాలం చేసిన భర్త దాచుకున్నది. విక్టోరియా బొమ్మ చుట్టూ నూరేళ్లకు పైగా పట్టిన నెమలికంఠం రంగు. దాని మీద ప్లాస్టిక్ కవర్ జిగురు పచ్చగా అంటుకుని ఉంది. జిగురు పోవాలి, రంగు పోకూడదు, మా ఆయనకు ఆ రంగంటే ప్రాణం అని ఆమె రెండుసార్లు చెప్పి వెళ్లింది. సాయంత్రం వచ్చి తీసుకుంటానంది.

నాగవేణి దాన్ని అసిటోన్‌లో వేసి, గిన్నెకు గాజు మూత పెట్టి, మధ్యాహ్నం అన్నానికి వెళ్లింది. ఎల్లప్ప మూత తీసి చూశాడు. అక్షరాల సందుల్లో ఇంకా పచ్చదనం ఉంది. ఇంతసేపటికి ఇంతేనా అనిపించి ప్రాణం లేచొచ్చింది. ఆమె తిరిగొచ్చేసరికి తాను పూర్తి చేసి చూపాలి. హరినాథ్‌కు ఆ మాట తెలియాలి. పాత మందు వంపేసి, చేతికందిన సీసాలోంచి కొత్తది పోశాడు. ముంజేతి మీద చుక్క వేసుకోలేదు. అంత ఓపిక లేకపోయింది.

తలుపు దగ్గరే నాగవేణి ఆగిపోయింది. గదంతా కుళ్లిన కోడిగుడ్డు వాసన. పరుగున వచ్చి నాణేన్ని నీళ్లలో ముంచింది. నెమలికంఠం లేదు. స్టీలు కంచంలా తెల్లటి రూపాయి ఉంది.

"దారం కట్టింటిని కదన్నా, నీ చేతికి తగలాలని" అంది మెల్లగా.

"నా చేతికా?"

"దినామూ సుక్క ఏసుకుంటావు కదా. నేను సూస్తానే ఉండా."

నెలల తరబడి ఆమెకు తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు. ఆ మంచితనం కూడా అతనికి ముల్లులాగే గుచ్చుకుంది.

నాలుగింటికి హరినాథ్, అతని వెనకే రంగనాయకమ్మ వచ్చారు. నాణెం చూసి హరినాథ్ ముఖం నల్లబడింది. సీసా మారిపోయింది సార్, తప్పు నాదే అంది నాగవేణి. ఎల్లప్ప నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ తన తప్పును కూడా ఆమే తీసుకుపోవడం ఓర్చుకోలేకపోయాడు.

"ఆ యమ్మ కాదప్పా, నేను. నాకు వాసన తెలవదు. రెండేండ్లాయ."

రంగనాయకమ్మ రూపాయిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మా ఆయన సూసింటే, ఇది నాది కాదనేవాడు" అని కొంగున ముడేసుకుంది.

రేపు మాట్లాడుకుందాం రా అన్నాడు హరినాథ్. ఎల్లప్ప తలూపాడు గానీ ఇక రాడని ఇద్దరికీ తెలుసు. చేతులు కడుక్కున్నాడు, క్యారియర్ తీసుకున్నాడు. తన కుర్చీని నాగవేణి వైపు జరిపాడు. ఏడు నెలల్లో అతను ఆమెకిచ్చింది అదొక్కటే.

"కిటికీ మాత్రం మూయొద్దు. నేను ప్రతి సలికాలమూ మూసుకోనే కూసున్నా, ముక్కు పాయ."

అతను సందు మలుపు తిరిగేదాకా నాగవేణి నిలబడి చూసింది. తరవాత కూర్చుని కిటికీ రెక్కను ఇంకాస్త వెనక్కి నెట్టింది. గూట్లో ఎర్ర దారం ముక్క పడి ఉంది, ముడి విడిపోకుండా.