ఎనిమిదో బోల్టు

ట్రక్కు కింద వెల్లకిలా పడుకుని, టార్చిలైటు పళ్ళ మధ్య పట్టుకుని, గీతల మేస్త్రి బంపర్ వెనక తడిమి చూస్తున్నాడు. పైకి నల్లగా, మొరటుగా కనిపించే ఆ బంపర్ లోపల ఒట్టి రేకు. పైన పటారం, లోన లొటారం. దాన్ని పట్టుకుని ఉన్నవి నాలుగు చిన్న బోల్టులు, అందులో రెండు తుప్పు పట్టాయి.

“దీనికి వించ్ బిగిస్తే బురదలోంచి బండి రాదు, బంపర్ వస్తుంది,” అన్నాడు బయటకు జరిగి.

డ్రైవరు నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు. అతను జోకులు వేస్తాడు గానీ నవ్వడు. నవ్వడం అవతలివాళ్ళ పని అనుకుంటాడు కాబోలు.

షెడ్డు మధ్యలో బల్లమీద రెండు వించ్‌లు ఉన్నాయి. ఒక మోటారు, పక్కనే డ్రమ్ము, డ్రమ్ముకు చుట్టిన ఇనుప తాడు. బండి దిగబడినప్పుడు తాడు కొసను చెట్టుకో బండరాయికో కట్టి మీట నొక్కితే, బండి తన్ను తానే బయటకు లాక్కుంటుంది. డ్రైవరు చూపు చిన్నదాని మీద ఉంది. అది మెరుస్తోంది, తేలిగ్గానూ ఉంది.

“ఇది మూడు టన్నులు లాగుతుందట. మన బండి సామానుతో కలిపి మూడేగా మేస్త్రీ?”

“రోడ్డు మీద మూడు. ఇరుసు దాకా కూరుకుపోతే ఎంతో ఆ బురదనే అడగాలి. ఒకటికి ఒకటిన్నర ఉండాలి. లాగేటప్పుడు దగ్గర ఎవరుంటారు?”

“ఇంకెవరు, నేనే. కొండల్లోకి వచ్చే సర్వేవాళ్ళు లోపల కూర్చుంటారు.”

“అయితే పెద్దదే,” అన్నాడు మేస్త్రి, ఇక వాదన లేదన్నట్టు.

అప్పుడు గోడ గడియారం వైపు చూశాడు. పదిన్నర. మూడున్నరకు బయల్దేరాలి, నాలుగింటికల్లా ఇంట్లో ఉండాలి. ఇరవయ్యారేళ్ళలో అతను పనిలో ఉండగా గడియారం చూసింది ఇవాళే.

నాలుగున్నరకు భార్య వెళ్ళిపోతోంది. అక్క దగ్గరికి, ఒక రాత్రి ప్రయాణం. చుట్టపుచూపుగా కాదు, ఇక అక్కడే ఉండిపోవడానికి.

గొడవేమీ జరగలేదు. గొడవైతే సర్దిచెప్పేవాళ్ళు ఉంటారు. పిల్లలు కలగలేదని మొదటి పదేళ్ళు మాట్లాడుకున్నారు, తర్వాతి ఇరవయ్యేళ్ళు మాట్లాడుకోలేదు, అంతే. మూడు రోజులుగా ఆవిడ పెట్టె సర్దుతుంటే అతను నిమ్మకు నీరెత్తినట్టు చూస్తూ కూర్చున్నాడు. “నేను వెళ్తే మీకెలా?” అని నిన్న అడిగింది. “గ్యాస్ బండ మార్చడం నాకొచ్చు,” అన్నాడు. అన్నాక తనకే ఎలాగో అనిపించింది. కానీ ఇంకో మాట నోటికి రాలేదు.

ఇవాళ పొద్దున అతను గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటుంటే ఆవిడ వెనకాల నిలబడి అంది: “నాలుగున్నరకి బండి చెప్పాను. ఈలోగా వచ్చి ఉండమంటే ఉంటాను. ఒక్క మాట చాలు. అదీ అనకుండా బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటారని తెలుసు. అయినా చెప్తున్నా.”

అతను తలూపాడు. దేనికి ఊపాడో ఆవిడకు తెలియలేదు, అతనికీ తెలియలేదు.

దారి పొడుగునా ఆ ఒక్క మాటే నమిలాడు. ఉండు. రెండక్షరాలు. అవి గొంతు దాటేలా లేవు. అందుకని షెడ్డుకు రాగానే సామాను పెట్టెలోంచి రెండు ఉక్కు కొక్కేలు ఏరి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇంటి వెనక వసారాలో బట్టలారేసే తాడుకు రెండువైపులా మేకులున్నాయి. తడిబట్టల బరువుకు నెలకోసారి ఏదో ఒకటి ఊడుతుంది. ఉతికినవన్నీ నేలమీద పడతాయి. ఆవిడ మళ్ళీ ఉతుకుతుంది. “ఊళ్ళో బళ్ళన్నిటికీ కొక్కేలు బిగిస్తారు, మన గోడకి మాత్రం చెయ్యి రాదు,” అని పదకొండేళ్ళుగా అంటోంది. దీపం కింద చీకటి. ఇంట్లో పని ఏదైనా అతనికి రేపే. తన బట్టల పెట్టె గొళ్ళెం ఊడిందని ఆవిడ చెప్పినా రేపే. ఇవాళ వెళ్ళి, ఆవిడ చూస్తుండగా ఆ కొక్కేలు బిగిస్తే చాలు, నోటితో అనక్కర్లేదు, ఆవిడకే అర్థమవుతుంది అనుకున్నాడు.

రేకు బంపర్ విప్పి మూలకు నెట్టాడు. అర అంగుళం మందం ఉక్కు ప్లేటును ఛాసీ కమ్మీల మీద ఆనించి, ఎనిమిది చోట్ల గుర్తులు పెట్టి డ్రిల్లు పట్టుకున్నాడు. అతని ఎడమచేతికి రెండు వేళ్ళు సగం దాకానే ఉన్నాయి. పందొమ్మిదేళ్ళ కిందట, తాడును చేత్తో సర్దుతుంటే డ్రమ్ము లాక్కుంది. ఆ నెల రోజులూ చొక్కా గుండీలు ఆవిడే పెట్టింది. పై గుండీ దగ్గరకు వచ్చేసరికి గడ్డం ఎత్తమని కింద వేలితో తట్టేది. గాయం మానాక ఇంకో వారం కూడా, అవసరం లేకపోయినా, అతను అలాగే నిలబడ్డాడు, ఆవిడ అలాగే పెట్టింది. ఆ వారం గురించి ఎన్నడూ ఒకరితో ఒకరు ఏమీ అనుకోలేదు.

మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పలేదు. పై నుంచి బోల్టు దూర్చడం, కింద నట్టు వేసి పెద్ద స్పానర్‌తో బిగించడం, తర్వాత నట్టు మీంచి ప్లేటు మీదికి పసుపు రంగుతో సన్నగా ఒక గీత గీయడం. నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత రెండు ముక్కలవుతుంది. ఎన్నాళ్ళ తర్వాతైనా కిందికి వంగి చూస్తే తెలిసిపోతుంది. ఆ గీత వల్లే అతనికి ఆ పేరు. ఎనిమిది గీతలూ గీశాక వించ్‌ను గొలుసుతో ఎత్తి ప్లేటు మీద కూర్చోబెట్టి, దాని సొంత మరలతో బిగించాడు. బోల్టుల తలలు దాని కిందికి వెళ్ళిపోయాయి. వైర్లు బ్యాటరీకి కలిపాడు. మూడూ ఇరవై అయింది.

చేతులు తుడుచుకోబోతూ బోల్టులు పోసుకున్న పళ్ళెం వైపు చూశాడు. అందులో ఒక బోల్టు మిగిలింది.

లెక్కపెట్టి ఎనిమిదే తెచ్చాడు. చేతిలోకి తీసుకుని తిప్పాడు. గట్టి ఉక్కు బోల్టుకు తలమీద అంకె ఉంటుంది, మెత్తదానికి బోడితల. దీనికి అంకె ఉంది. అంటే పళ్ళెంలో ముందే పడి ఉన్న బోడితలది ఏదో లోపలికి వెళ్ళిపోయింది. ప్రతి బోల్టునూ తల చూసి వేసే మనిషి, ఇవాళ గడియారం చూస్తూ వేశాడు.

యజమాని చిన్నవాడు, తండ్రి తర్వాత షెడ్డు చూసుకుంటున్నాడు. సంగతి విని తేలిగ్గా చెయ్యి ఊపాడు. “ఏడు గట్టివేగా మేస్త్రిగారూ. ఎనిమిదోది పెళ్ళికొచ్చిన చుట్టంలా అలా పడుంటుంది. మీరేదో తొందరగా ఇంటికెళ్ళాలన్నారు, వెళ్ళండి.”

“లాగితే ముందు మెత్తదే తెగుతుంది. దాని బరువు మిగతావాటి మీద పడుతుంది.”

“పోనీ రేపు పొద్దున...”

“తెల్లారేసరికి వీళ్ళు కొండల్లో ఉంటారు.”

డ్రైవరు స్టీరింగ్ మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరుచుకుంది. మేస్త్రి అతన్ని కాసేపు చూసి గొలుసు అందుకున్నాడు. నిజం చెప్పాలంటే, అలా అందుకున్నప్పుడు అతనికి కాస్త ఊపిరాడినట్టయింది కూడా. ఆ రెండక్షరాల పని ఇంకొంచెం వెనక్కి జరిగింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది, ఆ తర్వాత అదీ లేదు.

వైర్లూ మరలూ విప్పి, వించ్ దింపాడు. ఆరు బోల్టుల తలలు తుడిచి చూశాక, ఏడోదాని దగ్గర ఆ బోడితల దొరికింది. నున్నగా ఉంది. విప్పుతుండగా నాలుగైంది. పళ్ళెం పక్కనే ఫోను ఉంది. చేతులకు జిడ్డు. తుడుచుకునే గుడ్డ కూడా పక్కనే ఉంది. అతను గుడ్డ వైపు చూసి, స్పానర్ తీసుకున్నాడు. కొత్త బోల్టు వేశాడు, బిగించాడు, తుడిచాడు, గీత గీశాడు. వించ్ మళ్ళీ ఎత్తి బిగించి, వైర్లు కలిపాడు. తల పైకెత్తేసరికి నాలుగున్నర దాటి ఏడు నిమిషాలు.

ఇక తొందరలేదు. కొత్త తాడును ఒకసారి విప్పి, బరువు లాగిస్తూ మళ్ళీ చుట్టాలి, వదులుగా చుడితే పనిపడ్డప్పుడు పొరల్లోకి దిగి ఇరుక్కుంటుంది. డ్రైవరును లేపి ట్రక్కును షెడ్డు వెనక ఏటవాలులో ఆపించాడు. తాడును పైనున్న స్తంభానికి కట్టి, దానిమీద బరువైన కంబళి కప్పాడు, తెగినా కొట్టకుండా. ట్రక్కు అంగుళం అంగుళం పైకి పాకింది. తాడు వరస పక్కన వరస, పొర మీద పొర కూర్చుంది.

“మొదటి పొర ఎప్పుడూ డ్రమ్ము మీదే ఉండాలి. అంతా వదిలేస్తే పట్టు ఉండదు. చేత్తో ముట్టుకోకు,” అంటూ సగం వేళ్ళ చెయ్యి చూపించాడు.

“మీ చేతిలో పడితే నిశ్చింతే మేస్త్రీ,” అన్నాడు డ్రైవరు.

ఇంటికి చేరేసరికి ఆరు. ఎదురింటావిడ వచ్చి తాళంచెవి అందించింది.

“ఐదింటి దాకా ఆగింది అన్నయ్యగారూ. బండివాడు హారన్ మీద హారన్. ఇంకో ఐదు నిమిషాలు, ఇంకో ఐదు నిమిషాలు అంటూ ఆపింది పాపం. పెట్టె గొళ్ళెం పడకపోతే ఇద్దరం కలిసి తాడేసి బిగించాం.”

“అలాగా,” అన్నాడు.

లోపల పొయ్యిగట్టు తుడిచి ఉంది. మంచం మీద రేపటి చొక్కా మడతపెట్టి ఉంది, పై గుండీ దాకా పెట్టి. అతనికి ఏడుపు వస్తుందేమోనని కాసేపు నిలబడి చూశాడు. రాలేదు. కాళ్ళు కడుక్కుని, డ్రిల్లు తీసుకుని వసారాలోకి వెళ్ళాడు.

ఒక మేకు చేత్తో లాగితేనే వచ్చేసింది, రెండోది కొంచెం మొండికేసింది. గోడలో లోతుగా రంధ్రాలు చేసి కొక్కేలు దింపి బిగించాడు. ఒక్కోదాన్నీ పట్టుకుని కాళ్ళు నేలమీంచి ఎత్తి తన బరువంతా వేసి వేలాడాడు. గోడ కదల్లేదు, కొక్కెం కదల్లేదు. చొక్కా జేబులోంచి రంగు సీసా తీసి, నట్టు మీంచి గోడ మీదికి సన్నగా, వంకర లేకుండా, ఇక్కడొక గీత, అక్కడొక గీత గీశాడు. పని బాగా కుదిరింది.

అప్పుడు తాడు కోసం చూశాడు. నేలమీద లేదు. తలుపు వెనక లేదు. బకెట్లో లేదు. ఎదురింటావిడ అన్న మాట అప్పుడు చెవికెక్కింది.

పసుపు గీతలు ఇంకా తడిగానే ఉన్నాయి. కిటికీ చువ్వకు బట్టల క్లిప్పుల డబ్బా వేలాడుతోంది, నిండుగా.