మొగ దగ్గర ఎర్రజెండా

ఐసోబెల్ ఓడ మునిగిన పాపం కెప్టెన్ మక్ఆస్కిల్‌దేనని కుంబాలా రేవులో అందరూ అంటారు. అననివ్వండి. చచ్చినవాడు ఎదురు మాట్లాడడు కదా! జెండా ఎక్కించినవాణ్ణి నేను. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనరు.

స్కాట్లాండులో కట్టిన కొత్తలో అది రాణిలా ఉండేదట. బంగారు గనుల రోజుల్లో పట్టుగౌన్ల దొరసానులు ఎక్కిన ఓడ. ముసలిదయ్యాక మా నదికి తోలేశారు. పాతికేళ్ళ వయసులో, బాయిలరుకి అతుకు మీద అతుకుతో, సిడ్నీకి వెన్న పీపాలు మోసుకెళ్ళి పిండి బస్తాలతో, ప్రయాణికులతో తిరిగొచ్చేది.

మా నది సముద్రంలో కలిసే మొగకి అడ్డంగా ఇసుకమేట ఉంది. అది ఒక్కచోట ఉండి చావదు. ఓడలకి దారి చూపే పైలట్ సైలస్ పెన్రోజ్ రోజూ పొద్దున్నే పడవలో వెళ్ళి లోతు కొలిచేవాడు. ఆయన చెప్పిన జెండాని నేను గట్టు మీది స్తంభానికి ఎక్కించేవాణ్ణి. నీలమైతే ఓడ లోపలికి రావచ్చు, ఎరుపైతే బయటే ఆగాలి.

కొత్త సంవత్సరం పడవ పందాల్లో ఊరంతా వింటూండగా మక్ఆస్కిల్ నోరు పారేసుకున్నాడు. "పెన్రోజ్ లోతు కొలుస్తాడా? కాళ్ళు తడుస్తాయని ఒడ్డునే కూర్చుంటాడయ్యా!" జనం విరగబడి నవ్వారు. పెన్రోజ్ నవ్వలేదు.

అప్పట్నుంచి మొగలో చిన్న అల కూడా లేకపోయినా, ఐసోబెల్ కనబడితే చాలు, "డెనిస్, ఎరుపెక్కించరా!" అనేవాడు. దూరదర్శిని నా చేతికిచ్చి, "చూడు, ఆ మక్ఆస్కిల్ ఎలా చిందులేస్తున్నాడో! ఇంకో గంట ఉడకనీ," అనేవాడు. ఓడ అటూ ఇటూ ఊగుతుంటే ప్రయాణికులు కమ్మీ పట్టుకుని వాంతులు చేసుకునేవాళ్ళు. నేను పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి. గేలి చేస్తూ తాడు లాగి జెండాని కిందికీ పైకీ ఆడించేవాణ్ణి కూడా. ఆ ఆలోచన నాదే.

మార్చిలో నా బ్రైడీ ఆ ఓడలోనే తిరిగొస్తోంది. కళ్ళకి కమ్మిన పొర తీయించుకోడానికి మూడు నెలలు సిడ్నీ ఆసుపత్రిలో ఉంది. పెళ్ళయ్యాక మొదటిసారి తన చేత్తో ఉత్తరం రాసింది. "డెనిస్, అన్నీ కనిపిస్తున్నాయి. నీ మొహం ఎంత అందవికారంగా ఉందో వచ్చి చూస్తా." ఆ కాగితం చొక్కా జేబులోంచి తీయలేదు నేను.

ఆరోజు తూర్పుగాలి. మొగ నిండా తెల్లటి నురగ. ఈసారి నిజంగానే ఎరుపు. పెన్రోజ్ చెప్పేలోపే ఎక్కించాను. ఐసోబెల్ ఆగలేదు.

"పైలట్ గారూ, వాడు వచ్చేస్తున్నాడు! పడవ దించుదాం!"

"ఈ అలల్లోనా? బుద్ధుందా నీకు? జెండా ఆడించు, చూస్తాడు!"

ఆడించాను. అరచేతులు చీరుకుపోయేదాకా ఆడించాను. ఓడ ఇంకా వేగం పెంచింది. మేట మీద మొదటి అల దాన్ని అడ్డం తిప్పింది. రెండోది పొగగొట్టాన్ని ఊడబెరికింది. పావుగంటలో అంతా అయిపోయింది. ముప్ఫై ఒక్కమందిలో వంటవాడు గస్ ఒక్కడే ప్రాణంతో ఒడ్డుకి కొట్టుకొచ్చాడు.

వాడే మర్నాడు మా వంటింట్లో కూర్చుని చెప్పాడు.

"జెండాని ముందు చూసింది మీ ఆవిడే. 'ఎరుపు! ఇంత దూరాన్నుంచి కనబడుతోంది నాకు! మా ఆయనే ఎక్కించాడు!' అని అందరికీ చూపించింది. కెప్టెన్ నవ్వాడు. 'అవునమ్మా, మాకిది ఎప్పుడూ ఉండే నాటకమే,' అన్నాడు. అంతలో జెండా కిందికీ పైకీ ఆడింది. 'ఇదిగో, వెక్కిరింపు కూడా మొదలెట్టాడు. ఇవాళ ఆగేది లేదు!' అని పూర్తి వేగంతో పోనిమ్మన్నాడు."

"బ్రైడీ ఏమంది?"

గస్ తల దించుకున్నాడు. "'నేనొస్తున్నానని సంబరపడిపోతున్నాడు పిచ్చోడు,' అంది. నీకు చెయ్యి ఊపింది."

విచారణలో మేజిస్ట్రేటు పెన్రోజ్‌ని మెచ్చుకున్నాడు. పాత ఎర్రజెండాల మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, సిగ్గులేనివాణ్ణి. నన్నడిగింది ఒక్కటే ప్రశ్న.

"ఓడలో ఉన్నవాళ్ళకి జెండా స్పష్టంగా కనిపించిందా?"

"కనిపించిందండీ," అన్నాను. "నా భార్యకి కూడా కనిపించింది."